భాష కోసం ఇంకో డిగ్రీ చేయాలా? నల్గొండ, పాలమూరు పిల్లలకు ఒక లెక్క

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ దగ్గర పడుతుంటే ప్రతి ఏడూ ఈ ప్రశ్న వస్తుంది. బీకాం చదివే అమ్మాయి జర్మన్ నేర్చుకోవాలనుకుంటుంది. బీఎస్సీ అబ్బాయికి జపాన్ మీద మనసు. ఇంకొకరికి ఇంగ్లిష్ తడబడకుండా మాట్లాడితే చాలు. ముగ్గురూ అడిగేది ఒకటే: ఇందుకోసం ఇంకో డిగ్రీలో చేరాలా, లేక కోర్సు చేస్తే సరిపోతుందా? వెంట వచ్చిన తల్లిదండ్రులు ఇంకా సూటిగా అడుగుతారు: “మేడం, మా బిడ్డ డిగ్రీ అయిపోవచ్చింది. మళ్ల మూడేండ్లు చదివించాల్నా? అంత అవసరముంటదా?”

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి అవసరం లేదు, కొద్దిమందికి మాత్రం తప్పదు. ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో తేలాలంటే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మీరు వెళ్లాలనుకున్న చోట మిమ్మల్ని తీసుకునేవాళ్లు ఏ కాగితం అడుగుతారు? డిగ్రీ పట్టానా, భాషలో ఫలానా లెవెల్ పాసైన సర్టిఫికెట్టా? ఇది తెలియకుండా ఏ కాలేజీ బాగుంటుంది, ఫీజు ఎంత అని తిరగడం వల్ల టైమూ డబ్బూ రెండూ పోతాయి.

పట్టా అడిగే చోట్లు

మన జిల్లాల్లో భాష చదివినవాళ్లకు కళ్లముందు కనబడే ఉద్యోగం టీచరుది. అక్కడ పట్టా లేకుండా పని జరగదు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ కావాలంటే డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉండాలి, లేదా అందులో పీజీ ఉండాలి. దాని మీద ఇంగ్లిష్ మెథడాలజీతో బీఈడీ కావాలి. హిందీ పండిట్, తెలుగు పండిట్ పోస్టులదీ అదే తీరు: ఆ భాషలో పట్టా, దానికి తగిన పండిత శిక్షణ. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే వాటిలో భాషా పండితులవి 727. ముంబైలో పదేళ్లు పని చేసి వచ్చిన పాలమూరు మనిషి హిందీ ఎంత బాగా మాట్లాడినా ఆ కాగితాలు లేకపోతే దరఖాస్తే ముందుకు కదలదు.

జూనియర్ లెక్చరర్‌కు పీజీ కావాలి. డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే జనరల్ అభ్యర్థికి 55 శాతం మార్కులతో పీజీ, పైన అధ్యాపకుల అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్. నెట్ పరీక్ష ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, అరబిక్‌లలో కూడా ఉంది. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే హిందీ అనువాదకుల పరీక్ష ఇంకొకటి. దానికి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో పీజీ అడుగుతారు, రెండో భాష డిగ్రీలో సబ్జెక్టుగా చదివి ఉండాలంటారు, దానిమీద అనువాదంలో డిప్లొమా గానీ అనుభవం గానీ ఉండాలి. బీఏలో హిందీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ఈ దారి వైపు చూడరు. చూడమని నేను గట్టిగా చెబుతాను.

ఈ ఉద్యోగాలు మీ లక్ష్యమైతే రెండో పట్టా చేయండి, సందేహం వద్దు. చేరే ముందు మాత్రం ఆఖరిసారి వచ్చిన నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ ప్రింటు తీసుకుని, మీ డిగ్రీ మెమోల పక్కన పెట్టి ఒక్కో గీత చదవండి. డిగ్రీలో ఆ భాష ఆప్షనల్‌గా ఉండాలన్నారా, పీజీ ఉంటే చాలన్నారా అన్నది అక్కడే తేలుతుంది. అడ్మిషన్ ఏజెంటు నోటిమాట మీద ఫీజు కట్టకండి.

లెవెల్ అడిగే చోట్లు

విదేశం వెళ్లే దారుల్లో చాలా వాటికి భాషా డిగ్రీ పనికిరాదు. పనికిరాదంటే ఎవరూ అడగరని. జర్మనీకి నర్సుగా వెళ్లాలంటే జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ ఉండాలి, జర్మన్ భాషలో లెవెల్ ఉండాలి. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా బీ2 కావాలి. యూరప్ భాషలకు ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లుంటాయి. బీ2 నాలుగోది. బీఏ జర్మన్ చదివారా అని ఆసుపత్రి అడగదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ శిక్షణ ఇప్పించి పంపించే కార్యక్రమాలు నడుపుతోంది. ప్రైవేటు ఏజెన్సీకి లక్షలు కట్టే ముందు అక్కడ ఏ బ్యాచ్ ఉందో కనుక్కోవడం మంచిది.

2024 జూన్‌లో జర్మనీ మొదలుపెట్టిన ఆపర్చునిటీ కార్డు తీరు చూడండి. గుర్తింపు ఉన్న డిగ్రీ లేదా వృత్తి శిక్షణ ఉండాలి, దానితోపాటు జర్మన్ ఏ1 గానీ ఇంగ్లిష్ బీ2 గానీ ఉండాలి. తర్వాత పాయింట్లు లెక్క వేస్తారు. జర్మన్ ఏ2 ఉంటే ఒక పాయింటు, బీ1కి రెండు, బీ2 గానీ ఆపైన గానీ ఉంటే మూడు. మీ బీకాం, బీటెక్ పట్టాకు అక్కడ విలువ ఉంది. దాని పక్కన భాషలో ఇంకో పట్టా చేరిస్తే కొత్తగా వచ్చే పాయింటేమీ లేదు. అదే మూడేళ్లలో బీ2 తెచ్చుకుంటే మూడు పాయింట్లు.

జపాన్‌లో 2019 ఏప్రిల్ నుంచి నిర్ణీత నైపుణ్యాల వీసా ఒకటి నడుస్తోంది. వృద్ధుల సంరక్షణ, ఫుడ్ సర్వీస్, వ్యవసాయం లాంటి పనులకు. దానికి జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 (ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 ఆఖరిది) గానీ జేఎఫ్‌టీ బేసిక్ పరీక్ష గానీ పాస్ కావాలి, పనికి సంబంధించిన పరీక్ష వేరే ఉంటుంది. ఇక్కడ కూడా డిగ్రీ ఊసు లేదు. కెనడా కోసం ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. డెల్ఫ్ అనే ఫ్రెంచ్ సర్టిఫికెట్ మంచిదే, జీవితాంతం చెల్లుతుంది, కానీ కెనడాలో స్థిరపడటానికి పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దరఖాస్తుకు దాన్ని తీసుకోరు. టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా రాయాలి, వాటి గడువు రెండేళ్లు. ఏ పరీక్ష రాయాలో తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఇక్కడే ఎక్కువ.

హైదరాబాద్ కంపెనీల్లో జర్మన్, జపనీస్, ఫ్రెంచ్ తెలిసినవాళ్లకు ఇచ్చే ఉద్యోగాల్లోనూ ఇదే పద్ధతి. ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు, భాషలో బీ2 ఉందా, ఎన్3 ఉందా అని అడుగుతారు. ఆ తర్వాత ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడించి చూస్తారు. సర్టిఫికెట్ ఉండి మాట రానివాళ్లు అక్కడ దొరికిపోతారు.

ఈ లెవెల్ పరీక్ష ఎలా ఉంటుందో మనవాళ్లలో చాలామంది చూసి ఉండరు కాబట్టి ఒకటి వివరంగా చెబుతాను. జర్మన్ భాష నేర్పి పరీక్షలు పెట్టే గోథె సంస్థ బీ1 పరీక్షలో నాలుగు భాగాలు. చదవడానికి 65 నిమిషాలు, వినడానికి 40, రాయడానికి 60, మాట్లాడటానికి ఇద్దరికీ కలిపి ఓ పావుగంట. ఒక్కో భాగంలో నూటికి 60 రావాలి. ఒకదాంట్లో ఎక్కువ తెచ్చుకుని ఇంకోదాన్ని నెట్టుకురావడం కుదరదు, కాకపోతే తప్పిన భాగాన్ని మాత్రమే మళ్లీ రాసుకోవచ్చు. మాట్లాడే భాగంలో మీ పక్కన ఇంకో అభ్యర్థిని కూర్చోబెడతారు. ఆసుపత్రిలో ఉన్న స్నేహితుణ్ణి చూడటానికి ఎప్పుడు వెళ్దాం, ఏం తీసుకెళ్దాం లాంటిది ఏదో ఇచ్చి ఇద్దరూ మాట్లాడుకుని తేల్చమంటారు. తర్వాత ఒక విషయం మీద మీరు ఒక్కరే మాట్లాడాలి, పక్కవాళ్లు ప్రశ్న అడుగుతారు, మీరు జవాబివ్వాలి. బట్టీ పట్టింది మొదటి రెండు వాక్యాల వరకే పనికొస్తుంది.

దీన్ని మన సెమిస్టర్ పరీక్షతో పోల్చండి. ఐదు యూనిట్లు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, పరీక్షకు వారం ముందు గైడు. మూడు గంటలు రాసి వచ్చేస్తాం. నోరు విప్పాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాదు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లలు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లిష్‌లోనో రాసి గట్టెక్కినవాళ్లే ఎక్కువ. ఆ పిల్లలకు తెలివి లేక కాదు. ఆ పరీక్ష వాళ్లను భాష అడగలేదు, మార్కుల మెమో ఇచ్చి పంపింది.

ఇదే న్యాయంగా జపనీస్ గురించి కూడా చెప్పాలి. జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్షా లేదు, అన్నీ బిట్లే. ఎన్3 పాసై కూడా మాట్లాడలేనివాళ్లు ఉంటారు. సర్టిఫికెట్ కోసం చదువుతూనే మాట్లాడే సాధన వేరేగా పెట్టుకోవాలి.

ఎంఏ ఇంగ్లిష్ చేస్తే ఇంగ్లిష్ వస్తుందా?

జర్మన్, జపనీస్ అడిగేవాళ్లకంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లు పదింతలు. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలో ఎలాగో గట్టెక్కి, ఇంటర్వ్యూలో నోరు పెగలక వెనక్కి వచ్చిన పిల్లలు. దూరవిద్యలో ఎంఏ ఇంగ్లిష్ కట్టేస్తే రెండేళ్లలో ఇంగ్లిష్ వచ్చేస్తుందని అనుకుంటారు. ఇంట్లోవాళ్లు కూడా సంతోషిస్తారు, పిల్ల పీజీ చేస్తోందని.

ఎంఏ ఇంగ్లిష్‌లో ఏముంటుందో చేరేముందు సిలబస్ తీసి చూడాలి. 14వ శతాబ్దపు ఛాసర్ నుంచి మొదలుపెట్టి షేక్‌స్పియర్, మిల్టన్, నవల, నాటకం, సాహిత్య విమర్శ సిద్ధాంతాలు, అమెరికన్ సాహిత్యం, భారతీయ ఇంగ్లిష్ సాహిత్యం. ఇది గొప్ప చదువు. సాహిత్యం అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి రెండేళ్లు దొరకవు. కానీ ఈ చదువు మీకు ఇంగ్లిష్ ముందే వచ్చనుకుని మొదలవుతుంది. ఈత నేర్పే చోటు కాదది, ఈత వచ్చినవాళ్లను నాగార్జునసాగర్‌లోకి దించే చోటు. భాష రాకుండా చేరినవాళ్లు పుస్తకం వదిలేసి గైడు పట్టుకుంటారు. మా ఊరివైపు ఒకమ్మాయి ఇలాగే ఎంఏ పూర్తి చేసింది, మార్కులూ బాగానే వచ్చాయి. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసు చెప్పమంటే, పాఠం తెలుగులో చెప్పి చివర్లో రెండు ముక్కలు ఇంగ్లిష్‌లో చెప్పి దిగింది. ఆ రెండేళ్లు ఆమె కష్టపడలేదని అనలేను. కష్టం వేరేచోట పెట్టింది.

అందుకని ఇంగ్లిష్ మాట్లాడటమే మీ కోరిక అయితే ఎంఏ జోలికి వెళ్లకండి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో తెలంగాణ స్కిల్స్ అండ్ నాలెడ్జ్ సెంటర్లు ఉన్నాయి. కమ్యూనికేషన్ స్కిల్స్ అక్కడే నేర్పుతారు. నల్గొండ ఎన్జీ కాలేజీ కావచ్చు, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కావచ్చు, మీ కాలేజీలో అది నడుస్తోందో లేదో అడిగి తెలుసుకోండి. ఇంట్లో చేసుకునే పని ఒకటి చెబుతాను. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒకే ఒక వార్త చదవండి, అర్థం కాని మాటలు చూసుకోండి, పేపర్ మూసేసి ఆ వార్తను ఫోన్‌లో రెండు నిమిషాలు మీ మాటల్లో రికార్డు చేయండి. విని, ఎక్కడ ఆగిపోయారో చూసుకుని మళ్లీ రికార్డు చేయండి. మొదటి పది రోజులు మీ గొంతు మీకే నచ్చదు. ఆ తర్వాత తేడా మీకే వినబడుతుంది.

ఇంగ్లిష్ టీచర్ కావాలన్నది లక్ష్యమైతే సంగతి మారుతుంది. అప్పుడు ఎంఏ చేయండి, ఈ రికార్డింగ్ పనీ చేయండి. రెండూ కావాలి.

గంటల లెక్క

భాష గంటలను బట్టి వస్తుంది. గోథె సంస్థ చెప్పే లెక్క ప్రకారం బీ1కి చేరడానికి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 దాకా పడతాయి, బీ2కి 600 నుంచి 800. గంటల్లోకి మారిస్తే బీ1కి సుమారు 260 నుంచి 490 గంటలు. రోజుకు గంటన్నర, వారంలో ఆరు రోజులు కూర్చుంటే ఏడు నెలల నుంచి ఏడాది. డిగ్రీలో ఒక భాష పేపరుకు వారానికి నాలుగు గంటల క్లాసు అనుకోండి, పదిహేను వారాల సెమిస్టర్‌కు అరవై గంటలు. నాలుగు సెమిస్టర్లు కలిపినా 240. అందులో సెలవులు, బంద్‌లు, ఫెస్ట్‌లు పోను ఎన్ని మిగులుతాయో మీకే తెలుసు.

జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్‌లకు ఇంకా ఎక్కువ. అమెరికా దౌత్య ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే సంస్థ వీటికి 2,200 క్లాసు గంటలని లెక్క కట్టింది. స్పానిష్, ఫ్రెంచ్‌లకు అందులో మూడో వంతు. అయితే ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లది. తెలుగువాళ్లకు జపనీస్ వాక్యం అంత కొత్తగా ఉండదు. క్రియ చివర వస్తుంది, విభక్తి ప్రత్యయం మాట వెనక అతుక్కుంటుంది, మనకు అలవాటైన వరసే. ఆ సుఖం వ్యాకరణం వరకే. కంజీ అక్షరాలు ఎన్5లో వంద వరకు ఉంటే ఎన్1కి వచ్చేసరికి రెండు వేలు. వాటికి దగ్గరి దారి లేదు, రోజూ రాయాల్సిందే.

ఇంకో మాట. డిగ్రీ వల్ల వచ్చే నిజమైన లాభం ఒకటుంది, దాన్ని తక్కువ చేయను. అది క్రమశిక్షణ. కట్టిన ఫీజు, హాజరు, పరీక్ష తేదీ ఇవన్నీ మనిషిని కూర్చోబెడతాయి. ఇంట్లో ఒంటరిగా రోజుకు గంటన్నర కూర్చోలేనివాళ్లు చాలామంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఆడపిల్ల “కోర్సు చేస్తున్నా” అంటే ఆగనివాళ్లు “డిగ్రీ చేస్తున్నా” అంటే ఆగుతారు. ఇది కూడా లెక్కలోకి వచ్చేదే. ఆ రెండేళ్ల వెసులుబాటు కోసం పట్టాలో చేరతానంటే నేను తప్పు పట్టను. కాకపోతే లెవెల్ పరీక్షకు కూడా తేదీ పెట్టుకుని చేరమంటాను.

ఒకేసారి రెండు డిగ్రీలు

2022 ఏప్రిల్ నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ ఒప్పుకుంది. ఆ నిర్ణయం ప్రకటించినప్పుడు యూజీసీ చైర్మన్‌గా ఉన్న ఎం. జగదీశ్ కుమార్ మన నల్గొండ జిల్లా ఆయనే. రెండూ కాలేజీకి వెళ్లి చదివేవైతే క్లాసుల టైమింగ్స్ ఒకదానిమీద ఒకటి పడకూడదు. ఒకటి కాలేజీలో, ఒకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయొచ్చు. రెండూ దూరవిద్యలో కూడా చేయొచ్చు. దూరవిద్య డిగ్రీకి మాత్రం యూజీసీ గుర్తింపు ఉండి తీరాలి.

మన జిల్లాల పిల్లలకు ఇందులో పనికొచ్చేది రెండో పద్ధతి. మహాత్మా గాంధీ యూనివర్సిటీ కింద గానీ పాలమూరు యూనివర్సిటీ కింద గానీ రెగ్యులర్ డిగ్రీ చదువుతూ, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో ఇగ్నోలోనో ఇంకోటి. అంబేద్కర్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. చిక్కు పరీక్షల దగ్గర వస్తుంది. యూజీసీ మాట్లాడింది క్లాసుల టైమింగ్స్ గురించి. రెండు యూనివర్సిటీల పరీక్షలు ఒకే రోజు పడితే మీకోసం ఎవరూ తేదీ మార్చరు. ఒరిజినల్స్ గొడవ ఇంకొకటి. మొదటి కాలేజీ దగ్గర టీసీ, ఇంటర్ మెమో ఉండిపోతాయి, రెండో చోట అవే అడిగితే టెన్షన్ మొదలవుతుంది. చేరేముందే జిరాక్సులు అటెస్ట్ చేయించి తీసుకుంటారో లేదో కనుక్కోండి. ఒక డిగ్రీ అయ్యాక అదే స్థాయిలో చేసే రెండో డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న లెక్కతో బడ్జెట్ వేసుకోకండి, మొత్తం ఫీజు మీరే కట్టాల్సి వస్తుందని అనుకుని చూసుకోండి.

రెండో డిగ్రీకీ కోర్సుకూ మధ్యలో ఒక దారి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇగ్నోలో ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్, అరబిక్‌లలో సర్టిఫికెట్ కోర్సులున్నాయి. ఆరు నెలలవి, ఫీజు తక్కువ. మొదటి మెట్టుకు సరిపోతాయి. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే స్వయం, ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ జర్మన్ పాఠాలు, ఐఐటీ కాన్పూర్ జపనీస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. జర్మన్ ప్రభుత్వ ప్రసార సంస్థ డాయిచె వెల్లె ఏ1 నుంచి బీ1 దాకా మొత్తం వీడియోలతో ఉచితంగా నేర్పుతుంది. హిందీకైతే 1918లో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు ఉండనే ఉన్నాయి. ప్రాథమిక నుంచి ప్రవీణ దాకా ఏడాదికి రెండుసార్లు, చదువుకుంటూనే రాసుకోవచ్చు. పల్లెలో ఉండి రాయగలిగిన భాషా పరీక్షల్లో నాకు అన్నిటికంటే గౌరవం వీటి మీద.

ఇంటర్ పిల్లలకు వేరే మాట

పైన చెప్పిందంతా చేతిలో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు. ఇంటర్ ఇప్పుడే అయిన పిల్లకు భాషల మీద నిజంగా ఇష్టం ఉంటే నా సలహా తిరగబడుతుంది. ఇష్టం లేని బీకాం చేసి తర్వాత భాష నేర్చుకోవడం దేనికి? మొదటి డిగ్రీనే భాషలో చేయించండి. హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ, ఉంది. 1958లో ఇంగ్లిష్ సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, అరబిక్‌లలో బీఏ ఉంది. అక్షరాలు రాకున్నా చేరొచ్చు, మొదటి నుంచీ నేర్పుతారు. ప్రవేశం కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీ ద్వారా. రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఇచ్చే దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునేదాకా ఆగితే సీయూఈటీ దరఖాస్తు గడువు దాటిపోతుంది, ఎందుకంటే అది దోస్త్ కంటే ముందే వస్తుంది. రోజూ భాషలోనే క్లాసులు, చుట్టూ అదే చదివే పిల్లలు, ఇది దూరవిద్య ఎన్నటికీ ఇవ్వలేదు. హాస్టల్ సంగతి ముందే చూసుకోవాలి.

నల్గొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి రోజూ వెళ్లి రావడం గురించి కూడా అడుగుతారు. రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి చార్జీ బాధ తీరింది. టైము బాధ తీరలేదు. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్ చేరేసరికి రెండు గంటలు దాటుతుంది, అక్కడి నుంచి బంజారాహిల్స్‌లో జర్మన్ క్లాసుకు ఇంకో గంట. మూడు గంటల క్లాసుకు ఆరేడు గంటల ప్రయాణం. దేవరకొండ, అచ్చంపేట నుంచైతే అనుకోవడానికే లేదు. ఆ ప్రయాణం చేసే టైములో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ క్లాసు విని, హోంవర్కు కూడా పూర్తి చేసుకోవచ్చు. బస్సులో చదువుకుంటామంటారు. సీటు దొరికిన రోజు చదువుతారు.

ఇంకో మాట నారాయణపేట, మక్తల్, గద్వాల వైపు వాళ్లకు. మీకు కన్నడ ఇంట్లోనో పక్క వీధిలోనో వినబడుతూనే ఉంటుంది. రాయచూరు సంతకు వెళ్లి బేరమాడి వస్తారు. లిపి మన లిపికి దగ్గర, రెండు వారాలు కూర్చుంటే చదవడం వస్తుంది. బెంగళూరులో ఉద్యోగం చూసుకునే పిల్లలకు అది పెద్ద బలం. దానికి డిగ్రీ కాదు కదా, కోర్సు కూడా అక్కర్లేదు. పాలమూరు టౌన్‌లో, నల్గొండ పాత బస్తీలో పుట్టినవాళ్లకు ఉర్దూ మాటతీరు చెవిలోనే ఉంటుంది, చదవడం రాయడం నేర్చుకుంటే చాలు. దగ్గర ఉన్నదాన్ని వదిలి దూరపు భాష కోసం అప్పు చేసేముందు ఒకసారి ఆలోచించండి.

ఇక ఫీజు కట్టేముందు. ఎంచుకున్న భాషలో ఉచిత పాఠాలు ఒక నెల చదవండి, రోజుకు గంట. ఆ నెలలో మీరు ఎన్ని రోజులు కూర్చున్నారో క్యాలెండర్ మీద టిక్కు పెట్టండి. ఇరవై దాటితే ఏ1 క్లాసుకు డబ్బు కట్టండి. పది కూడా దాటకపోతే ఆ భాష మీద ఆసక్తి ఇంకా కుదరలేదనుకుని ఆగండి, రెండో డిగ్రీ గురించి అసలు ఆలోచించకండి. ఇరవై దాటినవాళ్లు ఏ1 పరీక్ష తేదీని అప్పుడే చూసి పెట్టుకోవాలి, హైదరాబాద్‌లో పరీక్ష సీట్లు త్వరగా నిండుతాయి. జపనీస్ వాళ్లకు జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లే, జులైలో, డిసెంబరులో. దరఖాస్తు కొన్ని నెలల ముందే మూసేస్తారు. పాస్‌పోర్టు లేనివాళ్లు ఆ నెలలోనే అప్లై చేయండి. దానిమీద పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా అక్షరం తేడా లేకుండా ఉందో లేదో చూసుకోండి. భాషా పరీక్ష సర్టిఫికెట్ మీద కూడా అదే పేరు రావాలి.